వాళ్ల పేర్లేంటి?

లూయీవిల్‌లో మా ఇంటి నుంచి ఓహైయో నది పది నిమిషాల దారి. ఏళ్ల తరబడి దాని ఒడ్డున నడుస్తున్నాను కానీ, దాని ఉగ్రరూపం చూసింది టీవీ తెర మీదే. పేర్ లోరెంట్జ్ తీసిన ‘ది రివర్’ అనే అరగంట డాక్యుమెంటరీలో.

అమెరికా ప్రభుత్వం తీయించిన సినిమా అది. మిసిసిపీ, దాని ఉపనదుల కథ. చిత్రీకరణ ముగింపుకొచ్చిన వేళ, 1937 జనవరిలో ఓహైయో పొంగింది. ఛాయాగ్రాహకులు మళ్లీ కెమెరాలు భుజానికెత్తుకుని నది మీదికి వెళ్లారు. అందుకే అందులో వరద సెట్టు వేసి తీసింది కాదు. గట్టు తెగకుండా ఇసుక బస్తాలు పేరుస్తున్న చేతులూ, మునిగిన ఇళ్లూ, గుడారాల్లో తలదాచుకున్న సంసారాలూ అన్నీ నిజమే. మా లూయీవిల్‌ను చాలా మేర ముంచింది ఆ నీరే.

అయితే ఆ సినిమా కష్టాన్ని చూపించి ఊరుకోదు. నీళ్లు ఎందుకొచ్చాయని అడుగుతుంది. అడవులు నరికేశాం, పత్తి కోసం నేలను గుల్ల చేశాం, వాన నీటిని పట్టి ఉంచే మట్టే కొట్టుకుపోయింది అని చెబుతుంది. వ్యాఖ్యాత నదుల పేర్లూ ఊళ్ల పేర్లూ వరసగా చదువుతుంటే పుష్కర స్నానంలో సంకల్పం విన్నట్టు ఉంటుంది.

నిరుడు అమ్మమ్మ మా ఇంటికొచ్చినప్పుడు ఆమె పక్కన కూర్చుని మళ్లీ చూశాను. ఆమెది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న నాటికి ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. గుడారాలు కనబడగానే ముందుకు వంగింది.

“వాళ్ల పేర్లేంటమ్మా?”

“చెప్పలేదు అమ్మమ్మా.”

“నదులన్నిటి పేర్లూ చెప్పాడన్నావుగా?”

నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి తనే మొదలెట్టింది. పడవ నడిపే తాత, పురిటి మంచం మీదున్న పక్కింటి పిన్ని, రేవు దగ్గరి అన్నదమ్ములు... వీధి చివరి నుంచి ఒక్కో ఇల్లూ దాటుతూ, ఉప్పెనకు పోయిన ఒక్కొక్కరి పేరూ చెప్పుకొచ్చింది. ఆ ముఖాల్లో ఒక్కటీ నేను చూడలేదు. మా ఇంట్లో వాళ్ల ఫొటో ఒక్కటి కూడా లేదు.

ఉప్పెన తర్వాత మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. ఎందుకు జరిగిందని అడిగితేనే అలాంటివి వస్తాయి. ఎవరికి జరిగిందో కూడా అడగాలని అమ్మమ్మ నేర్పింది. ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేసి ఆ పేర్లు రాసుకుంటున్నాను. మొన్నటితో మూడో వీధి పూర్తయింది.