ఎముక యతికినదాక

పిల్లలు చెట్టెక్కుటయు పడుటయు మన యిండ్లలో వింత గాదు. గత వేసవి సెలవులలో మా పదునొకండేండ్ల కుమారుడు పెరటి మామిడికొమ్మనుండి పడి కుడి ముంజేతి యెముకలు రెండును విఱుగగొట్టుకొనెను. చేయి విల్లువలె వంగియుండుట చూచి మాకు కాళ్లు చేతులు ఆడలేదు.

పొరుగింటి పిన్నిగారు వెదురుబద్దలతో నాటుకట్టు కట్టింపుడని బ్రతిమాలిరి. మా వారు వినక, అనకాపల్లినుండి విశాఖపట్టణమునకు వానిని కొనిపోయిరి. బిడ్డల యెముకలు పచ్చికొమ్మలవలె వంగియు పూర్తిగ తెగకుండుట కలదనియు, అట్టివి పిండికట్టుతోనే చక్కబడుననియు, మా వానికి రెండెముకలును స్థానము తప్పినందున శస్త్రము వలయుననియు వైద్యులు చెప్పిరి. 1980 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు నాన్సీ నగరమున రూపొందిన పద్ధతి ననుసరించి, వంగుగుణము గల సన్నని టైటానియము కడ్డీలను ఎముకల లోపలి బోలులో నెక్కించిరి. చిటికెనవ్రేలివైపు ఎముక లొంగకపోగా, అచ్చట చర్మము కోసి సరిదిద్దిరి.

చిన్ననాడు తండ్రిగారియొద్ద సుశ్రుతసంహిత విన్నవారము. బాల్యమున విఱిగిన యెముక నెలకు గట్టిపడునని యందు గలదు. మూడు నెలలు గడచినను ఎక్స్‌రేలో ఆ యెముక నడుమ నల్లని గీత మాయలేదు. మాకు ధైర్యము సడలెను. ఒకరాత్రి మా వారెఱుగకుండ వెచ్చని నువ్వులనూనె రాచి చేతిని పిసికితిమి. బిడ్డ "వద్దే అమ్మా" యని యేడ్చెను. తెల్లవారుసరికి చేయి వాచెను.

తప్పు నొప్పుకొంటిమి. వైద్యులు కోపింపలేదు. ఆ యెముక ఆలస్యముగ నతుకుట కలదనియు, పదేండ్లు దాటినవారికిని, కోసి సరిదిద్దినచోటను అది మఱింత తఱచనియు, కడ్డీని తొందరపడి తీసిన మరల విఱుగవచ్చుననియు చెప్పిరి. పిసుకక కాపాడుటయే మందనిరి. అయిదవ నెలలో గీత మాసెను.

ఆ గ్రంథముననే మఱియొక మాట కలదు. మేము దానిని మఱచితిమి. కట్టు వదులైన అతుకు నిలువదు. మిక్కిలి బిగువైన వాపును నొప్పియు పుట్టును. కావున, అమ్మలారా, కట్టిన పిదప నొప్పి తగ్గక పెరుగుచున్నను, వ్రేళ్లు చల్లబడినను, తెల్లబాఱినను, మొద్దుబాఱినను, వానిని చాపినప్పుడు బిడ్డ కేకవేసినను, తెల్లవారుదాక ఆగవలదు. నెత్తు రాడక కండలు చచ్చుటకు కొన్ని గంటలు చాలును. ఎముక యతుకుటకు మాత్రము నెలల యోర్పు వలయును. ఎప్పుడు పరుగిడవలెనో, ఎప్పుడు వేచియుండవలెనో తెలియుటయే తల్లికి వలసిన విద్య.

ఇప్పుడు వాడు కుడిచేతనే వ్రాయుచున్నాడు. కడ్డీలు తీయించుటకు మాకు తొందర లేదు. తొందర యంతయు వానిదే; పెరటిలో మామిడి పూచినది గదా!