రెండు తెలుపుల కట్టడం

తెల్లవారుజామున నాలుగున్నరకే మా అమ్మాయి లేపింది. "లే నాన్నా, పొద్దు పొడిచేసరికి అక్కడుండాలన్నావుగా!" అక్టోబరు మూడో వారం. సిడ్నీలో అది వసంతమే అయినా తెల్లవారుజామున చలి బాగానే ఉంది. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న వెస్ట్‌మీడ్ నుంచి చీకట్లోనే బయలుదేరాం. ట్రైపాడ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా రాజమండ్రి రేవుల్లో పొద్దుపొడుపులు ఫొటోలు తీస్తున్నవాణ్ని. నీటి ఒడ్డున ఉన్న కట్టడాన్ని తొలివెలుగులో చూస్తేనే చూసినట్టని నా నమ్మకం.

కారు దూరంగా ఆపి, మిసెస్ మెక్వారీస్ పాయింట్ దాకా నడిచాం. గవర్నర్ మెక్వారీ భార్య ఎలిజబెత్ కూర్చోవడానికి 1810లో ఖైదీలు ఇసుకరాతిని తొలిచి చెక్కిన ఆసనం ఇప్పటికీ అక్కడుంది. ఎదురుగా ఫార్మ్ కోవ్ నీళ్లు, ఆవలి కొసన ఒపేరా హౌస్, దాని వెనక 1932లో తెరిచిన ఉక్కు వంతెన. మా గోదావరి ఆర్చి వంతెనకి కమానులు బారులు తీరి ఉంటాయి. దీనికి ఒక్కటే, ఆ ఒక్కటే 503 మీటర్లు.

సూర్యుడు మా వీపు వెనక నుంచి లేచాడు. ముందు ఒపేరా హౌస్ పైకప్పుగా నిలిచిన తెల్లటి పెంకుల్లో అన్నిటికన్నా ఎత్తైనదాని కొన ఎర్రబడింది. ఆ ఎరుపు మెల్లగా కిందికి జారుతూ పసుపైంది. పెద్ద లెన్స్ బిగించి, ఫ్రేము నిండా పెంకులే వచ్చేలా తీశాను. వెనక తెర మీద చూస్తే సున్నం వెలిసిన గోడలా బూడిద రంగు! గోదావరి లంకల్లో కొంగల్ని తీసేటప్పుడు నేర్చుకున్న పాఠం గుర్తొచ్చింది. ఫ్రేములో తెలుపే ఎక్కువగా ఉంటే కెమెరా దాన్ని నడిమి రంగుకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాను, తెలుపు తేరుకుంది. అయినా మనసు ఒప్పలేదు. నా కంటికి కనిపిస్తున్న తెలుపు ఒకటి కాదు. ఒకచోట తళతళలాడుతోంది, పక్కనే మీగడలా మెత్తగా ఉంది. ఎందుకో దగ్గరికెళ్తే గాని తెలియదనిపించింది.

బొటానిక్ గార్డెన్ గుండా, నీటి గోడ వెంట నడుచుకుంటూ వెళ్లాం. ఒపేరా హౌస్ నిలిచిన నేల గాడిగల్ ప్రజలది. వాళ్లు ఆ కొసని టుబౌగులే అనేవారు. గులాబీ ఛాయ గ్రానైట్ పలకలు పరిచిన వెడల్పాటి మెట్లు ఎక్కితే, ఊరందరూ కూర్చోగలిగే అరుగు మీదికి చేరినట్టుంటుంది. ఆ అరుగు మీదే పెంకులు లేచాయి.

ఒక పెంకు అంచు చేతికందేంత కిందికి దిగినచోట ఆగి, పలక మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. పన్నెండు సెంటీమీటర్ల పలక, నా అరచేతి కన్నా కొంచెం పెద్దది. నున్నగా ఉంటుందనుకున్నాను గాని గాజుపూత కింద సన్నని గరుకు తగిలింది. బంకమట్టిలో రాతిపొడి కలిపి కాల్చినందువల్ల వచ్చిన గరుకది. నడుమ మెరిసే తెల్ల పలకలు, అంచుల వెంబడి మెరుపు లేని మీగడ రంగు పలకలు. పొద్దున నన్ను తికమకపెట్టిన రెండు తెలుపులు ఇవే! అన్నీ మెరిసేవే అయితే ఎండలో చూడలేం, అన్నీ మెరవనివే అయితే కట్టడం మొద్దుగా ఉండేది. స్వీడన్‌లో హోగనాస్ కంపెనీ తయారుచేసిన ఈ పలకలు మొత్తం 10,56,006.

ఈ కట్టడాన్ని ఊహించినవాడు జోర్న్ ఉట్జన్, డెన్మార్క్ వాస్తుశిల్పి. తండ్రి ఓడల రూపశిల్పి. 1957లో 233 ప్రతిపాదనల్లోంచి ఈయనది ఎంపికయ్యేనాటికి వయసు 38. 1959లో పని మొదలైంది గాని, ఆ వంపుల్ని ఎలా కట్టాలో ఎవరికీ అంతుపట్టలేదు. 1961లో ఉట్జన్ దారి కనిపెట్టాడు. పెంకులన్నీ ఒకే గోళంలోంచి కోసిన ముక్కలైతే చాలు. ఒకే బత్తాయి తొక్కని చిన్నా పెద్దా ముక్కలుగా ఒలిచినట్టు. దేని వంపైనా ఒకటే కాబట్టి, అవే అచ్చుల్లో కాంక్రీటు పక్కటెముకలు మళ్లీ మళ్లీ పోసుకోవచ్చు. లోపలికి టూర్‌లో వెళ్లినప్పుడు ఆ పక్కటెముకలు పూత లేకుండా కనిపించాయి. వాటి మీద చెయ్యి వేసినప్పుడు, కట్టిన కూలీలంతా ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది.

70 లక్షల డాలర్లనుకున్న పని 10.2 కోట్లకు చేరింది. ఖర్చులో చాలా భాగం లాటరీ టికెట్ల ద్వారా సమకూరింది. కొత్త ప్రభుత్వంతో చెల్లింపుల దగ్గర పేచీ వచ్చి 1966లో ఉట్జన్ తప్పుకున్నాడు. భార్యాపిల్లలతో దేశం విడిచి వెళ్లాడు. 1973 అక్టోబరు 20న ఎలిజబెత్ రాణి ప్రారంభించినప్పుడు ఆయన అక్కడ లేడు. 2003లో వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి, 2007లో ఈ కట్టడానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు, అన్నీ వచ్చాయి. ఆయన మాత్రం మళ్లీ సిడ్నీ రాలేదు. 2008లో కన్నుమూశాడు. ఈ సంగతి ముందే చదివాను. ఆ పలక మీద చెయ్యి వేసి నిలబడ్డప్పుడు మాత్రం గొంతు పట్టేసింది.

సాయంత్రం మ్యాన్లీ ఫెర్రీ ఎక్కాం. పడవ తిరిగేకొద్దీ పెంకులు విచ్చుకుని, ఒకదాని వెనక ఒకటి దాక్కుని, మళ్లీ విడిపోయాయి. వెనకవైపు అనేదే లేని కట్టడం. రెండువందల ఫొటోలకు పైగానే తీశాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి అన్నీ లాప్‌టాప్‌లో వేసి, "ఏది ఫ్రేము కట్టిద్దాం నాన్నా?" అంది. పొద్దుటి ఎరుపులో వంతెనతో కలిసి వచ్చినదాని దగ్గర తనే ఆగింది. నేను ఇంకాస్త ముందుకి జరపమన్నాను. నాలుగైదు పలకలు మాత్రమే ఉన్న ఫొటో. పూతలో సన్నగా ఆకాశం నీడ, పక్కన మీగడ అంచు.

"ఇందులో ఒపేరా హౌస్ ఏదీ?" అంది.

"పూర్తయిన ఒపేరా హౌస్‌ని ఆయన చూడలేదమ్మా. ఈ పలకని మాత్రం చేత్తో పట్టుకుని చూసుకున్నాడు. ఇదే కట్టిద్దాం" అన్నాను.