రుచి చూచుట

ఫ్రాన్సు దేశమున రోన్, సోన్ అను రెండు నదులు కలియుచోట లియోన్ నగరము కలదు. ఒకప్పుడు పట్టువస్త్రములకు ఎంత పేరు పొందెనో, వంటకు నేటికిని అంత పేరు గల ఊరది. హైదరాబాదులో వంటవిద్య చదివిన పిమ్మట 2018వ సంవత్సరమున నేను ఆ నగరములోని ఒక భోజనశాలలో ఆరు మాసములు పని నేర్చుకొంటిని. అట్లు నేర్చుకొనువానిని అచ్చట 'స్తజియేర్' అందురు. పేరు గంభీరముగానే యుండును గాని, వంటశాలలో అతనికంటె క్రిందివాడు లేడు.

ఉదయము ఎనిమిదిన్నరకు పని మొదలగును. మధ్యాహ్నపు వడ్డన ముగిసిన తరువాత రెండు గంటల విరామము. మరల సాయంకాలము మొదలిడి నడిరేయి వరకు. మొదటి మాసమంతయు నా చేతికి వచ్చినవి ఉల్లిపాయలు, క్యారెట్లు, బంగాళాదుంపలే. దుంపను చిన్న పీపా ఆకారమున ఏడు పలకలుగా చెక్కవలెను. ఇది అందమునకు మాత్రమే కాదు. అన్నియు ఒకే కొలత నున్నగాని ఒకేసారి ఉడుకవు. మన ఇండ్లలో కత్తిపీట కదలదు, కాయయే కదలును. అచ్చట కాయ కదలరాదు, కత్తియే కదలవలెను. నా చేతులకు ఈ తలక్రిందుల పని అలవడుటకు మూడు వారములు పట్టెను.

ఆ వంటశాల నడచు తీరు సైన్యమును తలపించును. అందులకు కారణము కలదు. ఒగుస్త్ ఎస్కోఫియే అను సుప్రసిద్ధ పాకశాస్త్రజ్ఞుడు (1846–1935) యువకుడుగా నున్నపుడు 1870 నాటి యుద్ధమున సైన్యమునకు వంట చేసెను. తరువాత ఆయన పెద్ద హోటళ్ళ వంటశాలలను దళములుగా విభజించెను. మాంసపు పులుసులకు ఒకరు, చేపలకు ఒకరు, చల్లని పదార్థములకు ఒకరు, పిండివంటలకు ఒకరు. అందరిపైన ఒక నాయకుడు. ఆయనను 'షెఫ్' అందురు. ఆయన మాటకు బదులు ఒక్కటే: 'వీ, షెఫ్', అనగా 'చిత్తము' అని. ఏ బల్లవారికి ఏమి కావలెనో బిగ్గరగా చదివి వినిపించువానికి 'అబ్వాయర్' అని పేరు. మొరుగువాడని దాని అర్థము! మరుగుచున్న గిన్నెతో ఒకరి వెనుకగా పోవునపుడు 'షో!' అని అరవవలెను. 'వేడి' అని హెచ్చరిక. ప్రతివాని నడుమునను మన మసిగుడ్డవంటి గుడ్డ వ్రేలాడుచుండును. అది పొడిగా నుండవలెను. తడిగుడ్డతో కాలిన గిన్నెను పట్టినచో వేడి క్షణములో చేతికెక్కును.

అరుపులన్నియు హెచ్చరికలే యని చెప్పజాలను. కోపపడినగాని పని త్వరగా జరుగదని కొందరు పెద్ద వంటవారి నమ్మకము. నేను చూచినంతవరకు, కోపము హెచ్చిన రాత్రులందు పళ్ళెములే ఎక్కువ పగిలినవి.

రెండవ మాసమున నన్ను పులుసుల విభాగమునకు పంపిరి. దానిని చూచునది ఏబది యేండ్ల స్త్రీ. లియోన్ వంటకు కీర్తి తెచ్చినవారిలో స్త్రీలు ముఖ్యులు. పదియేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొని, పొలముపనులు చేసుకొని పెరిగిన యూజెనీ బ్రాజియే 1921లో ఈ నగరమున చిన్న భోజనశాలను తెరచెను. 1933 నాటికి ఆమె నడపిన రెండు శాలలకును మిషెలిన్ సంస్థవారి మూడేసి నక్షత్రముల గౌరవము లభించెను. మా విభాగపు పెద్దావిడ ఆమె పేరును, మనము అన్నపూర్ణను తలచునంత భక్తితో తలచెడివారు.

పొయ్యిప్రక్కన ఒక డబ్బానిండ చెంచాలుండును. ఒక చెంచాతో ఒక్కసారియే రుచి చూచి, దానిని వేరొక డబ్బాలో వేయవలెను. మొదటి దినమున ఆమె నన్ను, "రుచి చూచితివా?" అని అడిగిరి. నా చేయి డబ్బావైపు పోలేదు. రాజమహేంద్రవరములో మా అమ్మమ్మ నైవేద్యమునకు ముందు ఏ పదార్థమును నోట పెట్టియెరుగదు. వండుచు రుచి చూచుట ఎంగిలి. ఆమె చారులో ఉప్పు ఎన్నడును తప్పలేదు. వాసననుబట్టియే తెలియునని ఆమె చెప్పెడిది, నేనును నమ్మితిని. ఆ మాటయే ఈమెకు చెప్పితిని.

ఆమె నవ్వలేదు. కోడి యెముకలతో కాచిన రసమును ఒక గిన్నెలో ప్రక్కకు తీసి, మిగిలినదానిని సగమగువరకు మరగించిరి. తరువాత రెంటిని నా ముందుంచి రుచి చూడుమనిరి. మొదటిది కమ్మగా నుండెను. రెండవది ఉప్పుకషాయము! నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. ఉదయము సరిపోయిన రసము సాయంకాలమునకు సరిపోదు. అచ్చటి పులుసులన్నియు గంటగంటకు చిక్కబడునవి. వేడిని కొలుచుటకు మా యొద్ద సాధనముండెను. వడ్డింపవలసిన వేడి పదార్థము 63 డిగ్రీలకు దిగరాదని అచ్చటి నియమము. ఈ మారుచున్న ఉప్పునకు మాత్రము నాలుకయే సాధనము.

మరి అమ్మమ్మకు ఎట్లు తెలిసినది? ఉప్పునకు వాసన లేదు గదా! ఆ రాత్రి పడుకొని చాలసేపు ఆలోచించితిని. ఏబది యేండ్లుగా అదే రాచ్చిప్ప, అదే గరిటెడు చింతపండు పులుసు, అదే పిడికిలి. ఆమె నేర్పు వాసనలో లేదు. చేతి కొలతలో నున్నది. కొలత మారని చోట నాలుకతో పని లేదు.

ఆదివారమున ఫోనులో ఆమెకు సంగతియంతయు చెప్పితిని. కోపించునేమో యని నా భయము.

"ఏమిరా, ప్రతిసారియు క్రొత్త చెంచాయేనా?" అని అడిగెను.

"అవును అమ్మమ్మా."

"అట్లయిన ఎంగిలి యెక్కడిది?"

వడ్డనకు ముందు పనివారందరును కలసి భుజింతురు. ఆ వంట ఒక్కొక్కనాడు ఒక్కొక్కరిది. నా వంతు వచ్చినపుడు చారు కాచితిని. కందిపప్పు, చింతపండు, మిరియాలు దొరికినవి, కరివేపాకు దొరకలేదు. ఇరువది మందికి కావలెను గనుక అమ్మమ్మ కొలతను ఐదింతలు చేసి, ఉప్పు వేసి, పెద్దావిడ చూచుచుండగా చెంచా ముట్టకయే దింపితిని. ఆమె తన చెంచాతో రుచి చూచి, ఉప్పుడబ్బాను చేతికి తీసికొని, ఒక నిమిషమాగి, మరల దాని చోటనే పెట్టిరి. అంట్లు తోము శ్రీలంక తమిళుడొకడు మూడుమారులు పోయించుకొని, "మా యింట దీనిని రసమందుము" అని, గిన్నె అడుగున మిగిలినదానిని సీసాలో పోసికొని యింటికి కొనిపోయెను.