సకినాల నూనె ఏం చేద్దాం?

మా కరీంనగర్‌లో సంక్రాంతి అంటే సకినాలు. సకినాలు, గారెలు, అరిసెలు అన్నీ అయ్యేసరికి కడాయిలో ఎంత లేదన్నా రెండు లీటర్ల నూనె మిగులుతుంది. నువ్వులు, పిండి మాడి నల్లగా, కాస్త జిగటగా ఉంటుంది. పండగ మర్నాడు ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న. దీన్ని ఏం చెయ్యాలి?

మా అత్తమ్మ లెక్క ఒక్కటే. వడగట్టి డబ్బాలో పోసి నెలంతా పోపుకు వాడాలి. "పైసలు పెట్టి కొన్నది పారబోస్తమా బిడ్డా?" అంటుంది. కరువు చూసిన మనిషి, ఆమె మాటను నేను తేలిగ్గా తీసెయ్యలేను. కానీ మామయ్య గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఈ ఒక్క విషయంలో నేను పట్టు విడవడం లేదు. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే అందులో చెడ్డ పదార్థాలు పుడతాయి. వాటిని టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నియమం. 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మన ఇళ్లల్లో కొలిచే మిషన్లు ఉండవు కదా. నూనె నురుగు కట్టినా, నీలం పొగ వచ్చినా దాని పని అయిపోయినట్టే.

సింకులో పోద్దామంటే పైపుల్లో పేరుకుంటుంది. అందుకే ఆ సంస్థే 2018 ఆగస్టులో 'రూకో' మొదలుపెట్టింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించడం దాని ఉద్దేశం. ఎలా చేస్తారో తెలుసుకుంటే నాకు సబ్బుల తయారీ గుర్తొచ్చింది. నూనెను వడగట్టి, తడి పోయేదాకా కాచి, సుమారు 60 డిగ్రీల వేడి మీద మిథనాల్, కొద్దిగా కాస్టిక్ సోడా కలుపుతారు. కొన్ని గంటలకు గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది, బయోడీజిల్ పైకి తేలుతుంది. దాన్ని శుభ్రం చేసి డీజిల్‌లో కలిపితే లారీలు, ట్రాక్టర్లు నడుస్తాయి. వాడిన నూనెను నేరుగా పోస్తే మాత్రం చిక్కదనానికి ఇంజిన్ పాడవుతుంది. ఇంట్లో ఈ ప్రయోగం చెయ్యకండి. మిథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది.

ఇదేదో పెద్ద పట్నాల ముచ్చట అనుకోకండి. మన పాత ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజల నూనె తీశాయి. ఆ నూనె పదేళ్లలో 51 టన్నుల మేర డీజిల్‌కు బదులవుతుందని, దాంతో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. అది వంట నూనె కాదు, నిజమే. కానీ నూనెకు ఇంజిన్‌లోనూ విలువ ఉందని మన అడవి ఆడవాళ్లు అప్పుడే చూపించారు.

మొన్న మా సందులోకి ఒకతను వాడిన నూనె కొంటానంటూ వచ్చాడు. అత్తమ్మ సంబరంగా డబ్బా తెచ్చింది. "ఎటు పోతది కొడుకా ఈ నూనె?" అని అడిగింది. బజ్జీల బండ్లకు అని అతను దాచకుండా చెప్పాడు. అత్తమ్మ మూత బిగించేసింది.

"మా ఇంటాయనకు పెట్టనిది ఇంకోల్ల పిల్లలకు పెడ్తమా?"

నేను ఇన్నేళ్లుగా చెబుతున్నది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు ఆ లెక్క రాసిపెట్టాలని 2019 మార్చి నుంచి నియమం ఉంది. మన ఇళ్లకు అలాంటి లెక్క లేదు. రెండు లీటర్ల కోసం ఏ బండీ రాదు. ఇరవై ఇళ్లవి కలిస్తే నలభై లీటర్లు. వచ్చే సంఘం మీటింగులో ఆ మాటే అడగబోతున్నాను. తీసుకుపోయేవాళ్లు అది ఏ బయోడీజిల్ ప్లాంటుకు పోతుందో కాగితం చూపించాలన్నది నా షరతు. అప్పటిదాకా మా ఇంట్లో చిన్న కడాయి, కొద్ది నూనె.

డబ్బా పెరట్లో ఉంది. అత్తమ్మకు చదువు రాదు. అయినా దాని మీద 'వంటకు కాదు' అని నాతో పెద్ద అక్షరాలతో రాయించింది.