అగ్రిమెంటు బేరం

మన విజయనగరంలో ఇప్పుడు ఎవరిని కదిపినా గజాల లెక్కే. భోగాపురం విమానాశ్రయం మాట వచ్చిన 2015 నుంచీ ఇంతే. 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగాక మరీను.

ఈ సందడిలో పెద్దగా డబ్బు లేనివారు కూడా దిగే వ్యాపారం ఒకటుంది. రైతుకు కొంత అడ్వాన్సు ఇచ్చి, ధర ఖాయం చేసుకుని, మూడు నెలలో ఆరు నెలలో గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటారు. "తమకు గాని, తమరు కోరినవారికి గాని రిజిస్టరు చేయగలవాడను" అని అందులో ఒక వాక్యం ఉంటుంది. కిటుకంతా దానిలోనే. గడువు లోపల ఎక్కువ ధరకు కొనేవానిని తెచ్చి, రైతు చేత నేరుగా అతని పేర దస్తావేజు రాయించి, తేడా తాము తీసుకుంటారు. అమెరికాలో దీన్నే హోల్‌సేలింగ్ అంటారు.

కొనేవాడు దొరికితే అందరూ సంతోషమే. దొరకనప్పుడు ఏమవుతుందో మా సంఘంలోని ఒక పెద్దాయన విషయంలో చూశాను. ఆయన రెండెకరాలకు అగ్రిమెంటు రాసిచ్చాడు. గడువు దాటింది. రాయించుకున్న మనిషి డబ్బు తేలేదు, కాగితమూ తిరిగి ఇవ్వలేదు. కూతురి పెళ్లికని వేరేవారికి అమ్మబోతే వకీలు నోటీసు వచ్చింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం ఒట్టి అగ్రిమెంటుతో భూమి మీద హక్కు రాదు. కాని గడువు తేదీ నుంచి మూడేళ్ల లోపల రిజిస్టరు చేయించమని దావా వేయవచ్చు. ఆ భయానికి ఇక ఎవరూ ఆ భూమి జోలికి రాలేదు. పెళ్లి అప్పుతో జరిగింది.

అందుకే, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మా కుర్రవాడొకడు తల్లి గాజులు కుదువపెట్టి ఇదే వ్యాపారం మొదలుపెడతానని, ప్రార్థన చేయమని వచ్చినప్పుడు వెంటనే కళ్లు మూసుకోలేకపోయాను.

"భూమి ఆళ్లది, డబ్బు ఆళ్లది. మధ్యన నాకేటి నష్టం అయ్యగారూ?" అన్నాడు.

"ఎంతకు అమ్ముతున్నావో రైతుకు చెబుతావా?"

"చెప్తే ఇంక నాకేటి మిగుల్తాది?"

అబ్రాహాము మక్పేలా పొలాన్ని కొన్నప్పుడు నాలుగువందల తులముల వెండిని హేతు కుమారులందరూ వింటుండగా తూచి ఇచ్చాడు. అమ్మినవాడికి తెలియని ధర అక్కడ లేదు. మధ్యవర్తి కష్టానికి కూలి ఉండాలి, కాదనను. చెప్పులరిగేలా తిరిగేది అతనే. ఆ కూలిని కమీషనని పేరుపెట్టి ఇద్దరి ముందూ అడగమన్నాను. ఇరవై వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా పుచ్చుకోవడం 2015 జూన్ నుంచి నిషేధమనీ, బ్యాంకు ద్వారానే ఇవ్వమనీ చెప్పాను. లేఅవుట్లలో ప్లాట్లు అమ్మిపెట్టాలంటే 2016 రెరా చట్టం కింద ఏజెంటుగా నమోదు కావాలి. ఆ సంగతి అతనికి బొత్తిగా తెలియదు.

అన్నిటికంటే ముందు ఆ భూమి జిరాయితీయో డి-పట్టాయో కనుక్కుని, రిజిస్ట్రారాఫీసులో ఈసీ తీయించమన్నాను. "గాజులు ఇంకా విడిపించుకోవచ్చు కదా?" అంటే తల ఊపాడు.

సోమవారం ఈసీ తెచ్చాడు. భూమి జిరాయితీయేనట. కాని 2011లో రిజిస్టరైన తనఖా ఒకటి అందులో ఉంది. తీరినట్టు ఎక్కడా లేదు. రైతు ఆ ముక్క అతనికి చెప్పలేదు.