మెట్ట నుంచి కాలేజీ ఊళ్లకు

తిరువూరు, 2025 జూన్ 14, శనివారం

పక్కింటి అమ్మాయి ఇంటర్ పాసయింది. డిగ్రీ ఎక్కడ చదివించాలన్న బెంగ ఇప్పుడు వీధి మొత్తానికీ పట్టుకుంది. పొద్దున్నే వాళ్ల నాన్న మా అరుగు మీద కూర్చుని, “బెజవాడ పంపమంటారా, బందరా, గుంటూరా? ఏదో ఒకటి మీరే చెప్పండి మాస్టారూ” అన్నాడు. మన ఊళ్లోనే డిగ్రీ కాలేజీ ఉంది కదయ్యా అన్నాను. “ఉందనుకోండి, కానీ...” అని ఆగిపోయాడు. సాయంత్రం వాళ్ల మామ్మ కూడా అదే పాట. వాళ్ల పెదనాన్నగారు బందరులో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) చదివారట. సెలవులకు వస్తే ఊరి పెద్దలు లేచి నిలబడేవారట.

ఆ ‘కానీ’ నన్ను వదల్లేదు. బందరు, రాజమండ్రి, గుంటూరు అంటే చదువు. తిరువూరు అంటే మామిడి తోటలు, మెట్ట సేద్యం. ఈ పంపకం ఎవరు చేశారు? దేవుడైతే చేయలేదు.

జూన్ 18, బుధవారం

ఇంట్లో ఉన్న పాత పుస్తకాలన్నీ దించాను.

బందరు, అంటే మచిలీపట్నం, ముందు రేవు, ఆ తరవాతే చదువుల ఊరు. ఇంగ్లీషు కంపెనీ వాళ్లు 1611లో అక్కడ వర్తకానికి దిగారు. డచ్చివాళ్లు అంతకన్నా ముందే వచ్చారు. తరవాత కలెక్టరు కచేరీ, కోర్టు. 1841లో రాబర్ట్ నోబుల్ అనే పాదిరీ వచ్చి, 1843 నవంబరులో ఇంగ్లీషు బడి తెరిచాడు. పై కులాల పిల్లలు ముందు చదువుకుని క్రైస్తవులైతే మిగతావాళ్లు వాళ్ల వెంట వస్తారన్నది ఆయన ఆలోచన. 1852లో విద్యార్థులు ఇద్దరు మతం పుచ్చుకునేసరికి ఊరు భగ్గుమంది, బడి ఖాళీ అయింది. అయినా కొన్నాళ్లకు పిల్లలు మళ్లీ వచ్చారు. ఇంగ్లీషు వస్తే కచేరీలో ఉద్యోగం ఉంది మరి. మన తాతలు దొర చెప్పిన చదువు తీసుకున్నారు, మతం చాలావరకు ఆయన దగ్గరే వదిలేశారు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది. ముప్పై వేల మంది పోయారంటారు. మరుసటి ఏడాది నోబుల్ కూడా ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన బడి ఆయన పేరుతోనే కాలేజీ అయింది. ఆయన ఉద్దేశాన్ని నేను ఒప్పుకోను. అయినా ఇరవై నాలుగేళ్లు ఒకే ఊళ్లో పాతుకుపోయి పాఠం చెప్పినవాడికి చేతులెత్తి మొక్కుతాను.

మిగతా ఊళ్ల కథా ఇంచుమించు ఇదే. గుంటూరుకు లూథరన్ పాదిరీ హయ్యరు 1842లో వచ్చాడు, 1885లో కాలేజీ వచ్చింది. రాజమండ్రిలో 1853 నాటి సర్కారు బడి 1873లో కాలేజీ అయింది. విజయనగరంలో రాజావారు పూనుకున్నారు. కచేరీ, రేవు, కాలవ నీళ్లు, లేకపోతే ఒక సంస్థానం, వీటిలో ఏదో ఒకటి ఉన్నచోటే కాలేజీ లేచింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, పిల్లవాణ్ణి పట్నంలో ఉంచి చదివించే స్తోమత రైతుకు వచ్చింది. ఆ నీళ్లు మా మెట్టకు ఎక్కలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలవ మా దాకా రావడానికి ఇంకో వందేళ్లు పైనే పట్టింది.

జూన్ 22, ఆదివారం

బందరు వెళ్లొచ్చాను. బస్సులో బాగా అలిసిపోయాను, అయినా రాయకుండా పడుకోబుద్ధి కాలేదు.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కలిశారు. తిరువూరు నుంచి వచ్చానంటే, “మా నోబుల్లో మీ వైపు కుర్రాళ్లు బాగా చదివేవాళ్లండీ” అన్నారు. ఆ ‘మా’ నాకు నచ్చింది. కట్టినవాడు పరదేశి, కానీ కాలేజీ బందరుది.

అయితే బందరు గర్వానికి అసలు కారణం జాతీయ కళాశాల అని నా నమ్మకం. 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు ఈ తీరాన్ని ఊపేశాయి. రాజమండ్రి ట్రైనింగు కాలేజీలో వందేమాతరం బాడ్జీలు పెట్టుకున్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును, ఇంకొందరిని గెంటేశారు. ఆయన బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపి మరుసటి ఏడే జైలుకు వెళ్లాడు. ఆ వేడిలోనే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. సర్కారు గ్రాంటు లేదు, సర్కారు ఉద్యోగం మీద ఆశ లేదు. చదువుతో పాటు చేతిపని నేర్పారు. పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పాడు, అడివి బాపిరాజు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. కలెక్టరు కచేరీ నీడలో ఉన్న ఊరు తన సొంత డబ్బుతో ఇంత పని చేసింది.

ఒక్క మాట రాసుకోకపోతే మనసు ఊరుకోదు. వారాలు చేసుకుని, అంటే రోజుకో ఇంట్లో భోంచేస్తూ, చదివిన బీద బ్రాహ్మణ కుర్రాళ్ల కథలు మనకు బోలెడున్నాయి. తరవాత కులానికో హాస్టలు లేచింది. మాలమాదిగల పిల్లలకు వారం పెట్టే ఇల్లే లేదు. కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీలో ఆడపిల్లలకూ దళితులకూ తలుపు తీయించిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బందరు బిడ్డే. కాలేజీ ఊళ్ల గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆయన పేరు మొదట చెప్పాలి.

జూన్ 27, శుక్రవారం

కరెంటు పోయింది, దీపం దగ్గర రాస్తున్నాను.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలో! సి.ఆర్. రెడ్డి తొలి వైస్ ఛాన్సలరు. దాన్ని ఎక్కడ ఉంచాలన్న దాని మీద బెజవాడ, రాజమండ్రి, విశాఖ, అనంతపురం ఎంత గట్టిగా వాదులాడుకున్నాయో. 1930లో వాల్తేరు వెళ్లిపోయింది. జయపురం విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. రాయలసీమవాళ్ల మనసు నొచ్చుకుంది, 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికీ ఒక విశ్వవిద్యాలయ కేంద్రం కావాలని రాయించుకున్నారు. కాలేజీ కోసం ఊళ్లు పోట్లాడుకోవడం చిన్నతనం కాదు. చదువు దూరంగా ఉంటే ఎవరి పిల్లలు ఆగిపోతారో వాళ్లకు తెలుసు. బెజవాడకు అదే 1937లో ఎస్.ఆర్.ఆర్. కాలేజీ వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ అక్కడే తెలుగు చెప్పారు, ఎన్.టి.ఆర్. అక్కడే విన్నారు.

మా పరిస్థితి మరీ చిత్రం. గంపలగూడెం దాటితే అప్పట్లో నైజాం. అటువైపు 1918లో ఉస్మానియా వచ్చింది కానీ ఉర్దూ బోధన. ఖమ్మానికి 1956 దాకా కాలేజీ లేదు. రెండు రాజ్యాల కొసన, రెంటి చదువులకూ దూరంగా ఉండిపోయాం. ఇది మా చేతగానితనం కాదు. పక్కింటాయన ‘కానీ’లో ఉన్న సిగ్గు ఆయన పడాల్సింది కాదు.

జూలై 6, ఆదివారం

నిన్న ఆ అమ్మాయినే కూర్చోబెట్టి అడిగాను. “చరిత్ర చదువుతాను తాతగారూ, ఎక్కడైనా సరే” అంది. అయితే మొదట తిరువూరు కాలేజీలో ఆ సబ్జెక్టు ఉందేమో కనుక్కుందాం, లేకపోతే బందరు అన్నాను. వాళ్ల నాన్న ఈసారి ‘కానీ’ అనలేదు. హాస్టలు ఖర్చు లెక్క వేసుకున్నాడు.

ఈ మధ్యాహ్నం హెడ్మాస్టరుగారింటికి వెళ్లి మాట్లాడాను. ఆ అమ్మాయి చరిత్ర అన్నప్పుడే గుర్తొచ్చింది, మన పిల్లలకు కొమర్రాజు లక్ష్మణరావు ఎవరో తెలియదు. మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలులో 1877లో పుట్టినవాడు. అక్కగారు భండారు అచ్చమాంబ దగ్గర నాగపూరులో ఉండి చదివాడు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయానికీ, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థకూ ప్రాణం పోశాడు. స్త్రీల చరిత్రలు తెలుగులో రాసిన అచ్చమాంబ కూడా ఆ ఊరి ఆడపడుచే. అక్కడి తిరుపతమ్మ తిరునాళ్లకు ఏటా వెళ్లే పిల్లలు ఈ ఇద్దరి పేర్లూ వినలేదంటే తప్పు మా పంతుళ్లది.

ఆగస్టులో పదో తరగతి వాళ్లను పెనుగంచిప్రోలు తీసుకెళ్లడానికి హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. ఇద్దరి మీదా చెరో పేజీ పాఠం నేను రాసివ్వాలి. బస్సు ఖర్చులో సగం పాత విద్యార్థులను అడుగుతాను, మిగతాది నేను పెట్టుకుంటాను.