లింగో పాట ఏ బీరువాలో ఉంది?



ఆదివారం అబిడ్స్‌లో మూసి ఉన్న షాపుల ముందు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు. మేం హాస్టల్ వాళ్ళం నాంపల్లిలో దిగి నడుచుకుంట పోతం. ఎక్కువగా పోటీ పరీక్షల పుస్తకాల కోసమే. ఈ మధ్య మాత్రం ఇంకో పుస్తకం అడుగుతున్నం.

స్టీఫెన్ హిస్లాప్ అని స్కాట్లాండ్ మిషనరీ ఒకాయన నాగపూర్‌లో ఉండేవాడు. గోండుల గురించి, మన భాష గురించి చాలా రాసిపెట్టిండు. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయిండు. ఆ కాగితాలను రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిష్ అధికారి 1866లో అచ్చు వేయించిండు. అందులో మన లింగో పాట ఉంది. గోండి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కనే ఇంగ్లీషు అర్థం.

ఒక అమ్మకందారు మాతో అన్నడు: "అట్లాంటివి ఫుట్‌పాత్ దాకా రావు తమ్మీ, ఇండ్ల కాడ్నే కొనుక్కపోతరు." నిజమే. నూటయాభై ఏండ్లు దాటిన పుస్తకమంటే అది పురాతన వస్తువు. కొనుక్కున్నోళ్ళ బీరువాల్లో, సభ్యులకు మాత్రమే తెరిచే లైబ్రరీల్లో ఉంటది. చెదలు పట్టకుండ కాపాడినోళ్ళ మీద మాకు కోపం లేదు. కానీ ఆ పాటలో మహాదేవుడు మన పెద్దలను గుహలో పెట్టి రాయి మూస్తడు, లింగో వచ్చి విడిపిస్తడు. ఆ కథే ఇప్పుడు తాళం వెనక ఉండుడు మాకు మింగుడు పడలే.

మంచి సంగతేమిటంటే, దాని స్కాన్ కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉంది. రాత్రిపూట ఫోన్‌లో పైకి చదువుకుంటున్నం. కొన్ని మాటలు మన ఇంట్లో మాటలే. కొన్ని మన ఉట్నూరు దిక్కు వేరేగా అంటరు. కొన్ని అసలు అర్థం కాలే. చిన్నప్పటి నుంచి హాస్టళ్ళలో తెలుగు, తర్వాత ఇంగ్లీషు చదివిన మనకు అవి చెప్పగలిగేది ఊర్లో కిక్రి వాయించే ప్రధాన్ పెద్దలే. వాళ్ళు ఏటేటా తగ్గుతున్నరు.

అందుకే ఒక్క మాట. దండారికి ఇంటికి పోయేటప్పుడు రెండు పేజీలు ప్రింట్ తీసుకపోదాం. పెద్దాయన ముందు కూర్చొని చదువుదాం. "ఇది ఇట్ల కాదురా" అని ఆయన పాడితే, అడిగి రికార్డ్ చేద్దాం. గ్రూపులో పెట్టేటప్పుడు మొదట ఆయన పేరు, ఊరు రాయాలె. హిస్లాప్ పేరు తర్వాత రాయొచ్చు.